కంపెనీకి కొత్త ఊరు ఎంచుకోవడం ఎలా?

"ఇంకో సెంటర్ పెట్టాలనుకుంటున్నాం, ఏ ఊరైతే బాగుంటుందో చూసి చెప్పండి" అని పైనుంచి మెయిల్ వస్తుంది. హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లోని గ్లోబల్ సెంటర్లలో పనిచేసే మనవాళ్లు చాలామందికి ఈ పని ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంటుంది. ఫైనాన్స్ నుంచి ఒకరు, హెచ్‌ఆర్ నుంచి ఒకరు, ఫెసిలిటీస్ నుంచి ఒకరు, ఒక ఇంజినీరింగ్ మేనేజర్ కలిసి కొద్ది వారాల్లో నివేదిక ఇవ్వాలి. అప్పుడు చాలా టీమ్‌లు ముందుగా చేసేది పది ఊళ్ల పేర్లు రాసుకుని ఆఫీసు అద్దె, జీతాలు, ప్రభుత్వ రాయితీలు వరసగా నింపేయడం. దానివల్ల ఈ ఏడాది ఏది చవకో తేలుతుంది. పదేళ్ల తర్వాత కూడా అక్కడ మీ పని నడుస్తుందా అన్నది తేలదు.

పెద్ద కంపెనీలు తీసుకున్న నిర్ణయాల్లో నిలిచినవీ బెడిసికొట్టినవీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక వరస కనిపిస్తుంది. ముందు పని, తర్వాత మనుషులు, కరెంటు, నీళ్లు. రాయితీ అన్నిటికన్నా చివర. ఈ గైడ్ కూడా అదే వరసలో ఉంది.

ముందు పని ఏమిటో ఒక పేజీలో రాయండి

"ఆపరేషన్స్ సెంటర్" అని రాస్తే ఏమీ రాయనట్టే. సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసా, కస్టమర్ సపోర్టా, డేటా సెంటరా, చిప్‌లు లేదా ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీయా? ఒకే కంపెనీలో ఈ నాలుగూ ఉండొచ్చు, కానీ నాలుగింటికీ కావలసిన ఊళ్లు వేరు. గూగుల్‌నే తీసుకోండి. ఇంజినీర్ల కోసం హైదరాబాద్, బెంగళూరు, జ్యూరిక్ లాంటి నగరాలకు వెళ్లింది. డేటా సెంటర్ కోసం ఫిన్లండ్‌లోని హమీనా అనే చిన్న ఊళ్లో మూతపడిన కాగితం మిల్లును 2009లో కొన్నది. అక్కడ వేల మంది ఇంజినీర్లు దొరకరు, దొరకాల్సిన అవసరమూ లేదు. పక్కనే చల్లటి సముద్రం ఉంది. ఆ నీటితోనే సర్వర్లను చల్లబరుస్తున్నారు.

ఆ పేజీలో ఇవి తప్పకుండా ఉండాలి: మొదటి ఏడాది ఎంతమంది, ఐదో ఏడాదికి ఎంతమంది, ఏయే నైపుణ్యాలు, రోజూ ఏ దేశం టీమ్‌తో మాట్లాడాలి, కస్టమర్ల డేటా ముడుతుందా లేదా. అమెజాన్ 2017 సెప్టెంబరులో తన రెండో ప్రధాన కార్యాలయానికి చోటు వెతుకుతూ విడుదల చేసిన పత్రం చూడండి. 50 వేల ఉద్యోగాలు, 500 కోట్ల డాలర్ల పెట్టుబడి, 10 లక్షలకు పైగా జనాభా ఉన్న మహానగర ప్రాంతం, అంతర్జాతీయ విమానాశ్రయానికి 45 నిమిషాల లోపు దూరం అని స్పష్టంగా రాశారు. మీ సెంటర్ 200 మందిదే కావచ్చు. అయినా ఇంతే స్పష్టంగా రాయండి.

తప్పనిసరి షరతులు వేరు, మార్కులు వేరు

కొన్ని విషయాలకు మార్కులు వేయకూడదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఆ ఊరు అక్కడితో ఆగిపోవాలి. చట్టం అలాంటిదే. భారతీయుల చెల్లింపుల డేటా భారత్‌లోనే నిల్వ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. పేమెంట్స్ వ్యాపారంలో ఉన్న కంపెనీకి ఆ తర్వాత సింగపూర్ సర్వర్లు ఎంత చవకైనా లెక్కలోకి రావు. సింగపూర్ కూడా 2019 నుంచి కొత్త డేటా సెంటర్లకు అనుమతులు నిలిపివేసి, 2022లోనే పరిమితంగా మళ్లీ మొదలుపెట్టింది. ఆ గిరాకీలో చాలా భాగం పక్కనే ఉన్న మలేసియాలోని జొహోర్‌కు మళ్లింది.

పనివేళలు కూడా ఇక్కడే చూడండి. మనకీ కాలిఫోర్నియాకీ మధ్య ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. రోజూ రెండు గంటలు కలిసి కూర్చుని చేయాల్సిన పనైతే ఇక్కడివాళ్లు ప్రతి రాత్రీ మీటింగుల్లో ఉండాలి. అది ఆరు నెలలు నడుస్తుంది, ఆరేళ్లు నడవదు. అదే పనిని ఇక్కడి టీమ్‌కే పూర్తిగా అప్పగించగలిగితే సమయం తేడా పెద్ద అడ్డంకి కాదు. ఏది సాధ్యమో మీ ఇంజినీరింగ్ వాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది రాతలో పెట్టండి.

ఈ జల్లెడ పట్టాక నాలుగైదు ఊళ్లు మిగిలితే చాలు. అంతకన్నా ఎక్కువ ఊళ్లను లోతుగా చూడటానికి ఎవరికీ ఓపిక ఉండదు.

మనుషుల లెక్క

మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఊళ్లో ఏటా ఎంతమంది ఇంజినీర్లు పట్టా పుచ్చుకుంటున్నారన్న సంఖ్య అందరూ స్లైడ్‌లో పెడతారు. దాంతో పెద్దగా ఉపయోగం లేదు. మీకు కావలసింది మూడు, నాలుగు, ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది మారడానికి సిద్ధంగా ఉన్నారు, వాళ్ల కోసం ఇంకా ఎవరు పోటీ పడుతున్నారు అన్నది.

దీనికి ఒక సూటి పద్ధతి ఉంది. మీకు నిజంగా కావలసిన ఐదు ఉద్యోగాల వివరాలు రాసి, ప్రతి ఊళ్లో జాబ్ పోర్టల్‌లో వెతికించండి. వచ్చిన రెజ్యూమెల్లో మీ ఇంజినీర్లు చదివి "సరే" అన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ ఊళ్లో ఉన్న ఇద్దరు రిక్రూటర్లను కూర్చోబెట్టి మాట్లాడండి. ఆఫర్ తీసుకున్నాక జాయిన్ కానివాళ్లు ఎంతమంది, నోటీస్ పీరియడ్ 60 రోజులా 90 రోజులా, ఆ గడువులో ఇంకో ఆఫర్ చేతిలో పెట్టుకుని బేరమాడేవాళ్లు ఎంతమంది అని అడగండి. ఇవన్నీ ఏ నివేదికలోనూ దొరకవు. మీ సెంటర్ ఆరు నెలల్లో నిండుతుందా, ఏడాదిన్నర పడుతుందా అన్నది మాత్రం వీటిమీదే ఆధారపడి ఉంటుంది.

జీతాల తేడా చూసి తొందరపడకండి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 300 మంది సెంటర్ అనుకోండి. మొదటి ఊళ్లో ఒక్కొక్కరికి సగటున ఏడాదికి 24 లక్షలు, రెండో ఊళ్లో 22 లక్షలు. జీతాల్లోనే రెండో ఊళ్లో 6 కోట్లు మిగులుతాయి. కానీ మొదటి ఊళ్లో ఏటా 10 శాతం, రెండో ఊళ్లో 25 శాతం మంది మానేస్తున్నారనుకోండి. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చి పని అందుకునేసరికి సగం ఏడాది జీతమంత ఖర్చవుతుందనుకుంటే, మొదటి ఊళ్లో 30 మందికి 3.6 కోట్లు, రెండో ఊళ్లో 75 మందికి 8.25 కోట్లు. మిగిలిన 6 కోట్లలో 4.65 కోట్లు ఇక్కడే కరిగిపోయాయి. చేతిలో ఉన్నది 1.35 కోట్లు. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ ఊళ్లకు మీ అంకెలు పెట్టి చూడండి, చాలాసార్లు చవక ఊరు అంత చవక కాదని తేలుతుంది.

ఇంకో మాట. మనుషులు మనుషుల దగ్గరికే వస్తారు. అమెరికా చిప్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో డిజైన్ సెంటర్ పెట్టినప్పుడు అక్కడ సరైన డేటా లింకు కూడా లేదు, సొంతంగా శాటిలైట్ లింకు ఏర్పాటు చేసుకుంది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో తన డెవలప్‌మెంట్ సెంటర్ మొదలుపెట్టిన ఏడాదే సైబర్ టవర్స్ ప్రారంభమైంది, చుట్టుపక్కల ఇంకా బండరాళ్లే. ఆ తర్వాత 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఒక కంపెనీలో పదేళ్లు పనిచేసినవాళ్లు ఇంకో కంపెనీ సెంటర్‌కి హెడ్‌లయ్యారు. 2019లో అమెజాన్ నానక్‌రామ్‌గూడలో 15 వేల మంది పట్టే సొంత క్యాంపస్ తెరిచేనాటికి ఆ మనుషులు అక్కడ సిద్ధంగా ఉన్నారు. మొదట వెళ్లేవాళ్లు ఊరిని తయారుచేసుకోవాలి, తర్వాత వెళ్లేవాళ్లు జీతాల పోటీని భరించాలి. మీరు ఈ రెండింటిలో ఏ స్థానంలో ఉన్నారో నివేదికలో తేల్చి చెప్పండి. విజయవాడకో వరంగల్‌కో వెళ్దామనే ఆలోచన మంచిదే, నాకు వ్యక్తిగతంగా ఎంతో ఇష్టం కూడా. కాకపోతే మొదటి ఇరవై మంది సీనియర్లు అక్కడికి కాపురం మార్చడానికి ఒప్పుకుంటారో లేదో వాళ్లనే అడిగి తెలుసుకుని రాయండి. సొంతూరికి రావాలని ఎదురుచూసేవాళ్లు మనలో తక్కువేం కాదు.

డేటా సెంటర్ అయితే కరెంటు, నీళ్లు, కేబుల్

ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, దాంతోపాటు సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రం ఆ ప్రణాళికలో ఉన్నాయి. ఒక గిగావాట్ అంటే ఎంతో వేసి చూద్దాం. ఏడాది పొడవునా పూర్తి లోడుతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక్క రూపాయి తేడా వస్తే ఏడాదికి 876 కోట్ల రూపాయల తేడా. అందుకే డేటా సెంటర్ విషయంలో భూమి ధర గురించి వారాలు బేరమాడి, కరెంటు ఒప్పందాన్ని ఒక్క మీటింగ్‌లో ముగించడం అన్యాయం.

విశాఖకు ఉన్న బలాల్లో సముద్రం పెద్దది. మన దేశానికి వచ్చే సముద్రగర్భ కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నైల దగ్గరే ఒడ్డుకు చేరతాయి. ఆ రెండు చోట్ల ఏదైనా తెగితే, ఆగితే తూర్పు తీరంలో ఇంకో దారి ఉండటం దేశానికే మేలు. కేబుల్ లెక్క కూడా తేలికే: ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానుపోను పది మిల్లీసెకన్లు. వీడియోకి అది లెక్కలేదు, షేర్ల లావాదేవీలకు చాలా ఎక్కువ. మీ వాడకందారులు ఎంత ఆలస్యం భరిస్తారో తెలుసుకుని, మ్యాప్ మీద ఆ మేరకు వలయం గీసుకోండి.

కరెంటు గురించి అడగాల్సినవి: దగ్గరి సబ్‌స్టేషన్‌లో ఇప్పుడు ఎంత లోడు ఖాళీగా ఉంది, రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి లైన్లు ఇస్తారా, కొత్త లైను వేయడానికి రాతపూర్వకంగా ఎన్ని నెలలు చెబుతారు, గత రెండేళ్లలో ఆ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను) ఎన్నిసార్లు పడిపోయింది. ఆఖరి ప్రశ్నకు నోటిమాట తీసుకోకండి, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చూపించమనండి. ఐర్లాండ్‌ను గుర్తుంచుకోండి. పన్నులు తక్కువని, ఇంగ్లీషు మాట్లాడతారని కంపెనీలన్నీ డబ్లిన్ చుట్టూ చేరాయి. 2023 నాటికి ఆ దేశంలో మీటర్లు లెక్కించిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లకే వెళ్లింది, డబ్లిన్ ప్రాంతంలో కొత్త కనెక్షన్లు దొరకడం గగనమైంది. స్వీడన్‌లోని లూలియోలో 2013లో డేటా సెంటర్ తెరిచిన ఫేస్‌బుక్‌కు అక్కడి జలవిద్యుత్తు, చల్లటి గాలి రెండూ కలిసొచ్చాయి.

నీళ్ల దగ్గర మాత్రం మీరు కంపెనీ ఉద్యోగిగా కాక ఆ ఊరి మనిషిగా కూడా ఆలోచించాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న పట్టణంలో గూగుల్ డేటా సెంటర్లు పట్టణం నీటిలో నాలుగో వంతుకు మించి వాడుతున్నాయని 2022లో బయటపడింది. ఆ లెక్క బయటికి రాకుండా ఆపాలని చాలాకాలం కోర్టులో వ్యవహారం నడిచింది. చిలీ రాజధాని శాంటియాగోలో నీటి విషయమై స్థానికులు పోరాడారు, 2024లో పర్యావరణ కోర్టు గూగుల్ డేటా సెంటర్ అనుమతిని పాక్షికంగా వెనక్కి తీసుకుంది, కంపెనీ నీరు తక్కువ పట్టే పద్ధతితో మళ్లీ మొదటినుంచి మొదలుపెడతామంది. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే చోట రోజుకు లక్షల లీటర్లు అడిగే ముందు, శుద్ధిచేసిన మురుగునీరు వాడగలమా, గాలితో చల్లబరచగలమా అన్నది తేల్చుకోండి. ఎంత వాడతారో మొదటి రోజే బహిరంగంగా చెప్పండి.

ఫ్యాక్టరీ అయితే

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఊరి కన్నా చుట్టూ ఉన్న సరఫరాదార్లే ముఖ్యం. తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ రెండు చోట్ల కట్టింది. అమెరికాలోని అరిజోనాలో 2020లో ప్రకటించిన ఫ్యాక్టరీ, నైపుణ్యం ఉన్న పనివాళ్లు దొరకడం లేదని 2023లో వాయిదా పడింది. జపాన్‌లోని కుమమోటోలో 2022లో మొదలైన నిర్మాణం 2024 ఫిబ్రవరిలోనే ప్రారంభోత్సవం చేసుకుంది. అక్కడ పక్కనే సోనీ ఉంది, చిప్‌లకు కావలసిన సామాను అమ్మేవాళ్లు ఉన్నారు, భూగర్భ జలాలు ఉన్నాయి, ఆ పని తెలిసిన మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మీ ఫ్యాక్టరీకి రోజూ కావలసిన పది వస్తువుల పేర్లు రాసి, ఒక్కొక్కటి ఎన్ని గంటల దూరంలో దొరుకుతుందో పక్కన రాయండి. ఆ కాగితమే మీకు సగం జవాబు చెబుతుంది.

వెళ్లి చూడండి

కన్సల్టెంట్ నివేదిక చదివి ఊరు ఎంచుకోవద్దు. మీరు చూస్తున్న బిల్డింగ్‌కు సోమవారం ఉదయం తొమ్మిదికి, సాయంత్రం ఆరున్నరకు ఉద్యోగులు ఉండే పేటల నుంచి బయలుదేరి చూడండి. క్యాబ్‌లో ఒకసారి, బస్సులోనో మెట్రోలోనో ఒకసారి. వర్షం పడిన రోజు దొరికితే అదృష్టం అనుకోండి, ఆ రోజు అండర్‌పాస్ దగ్గర ఎంతసేపు ఆగారో రాసుకోండి. రాత్రి పదిన్నరకు షిఫ్ట్ దిగే అమ్మాయి ఇంటికి ఎలా చేరుతుందో ఆ దారిలోనే వెళ్లి చూడండి. బిల్డింగ్‌లో జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూస్తే తెలుస్తుంది, అదే బిల్డింగ్‌లో ఉన్న వేరే కంపెనీ ఫెసిలిటీస్ మనిషితో టీ తాగితే ఇంకా బాగా తెలుస్తుంది. దగ్గర్లో మంచి స్కూళ్లు, ఆసుపత్రి ఉన్నాయా అన్నది మీ సీనియర్ల భార్యలు, భర్తలు అడిగే మొదటి ప్రశ్న.

ప్రమాదాల విషయం కూడా ఈ ప్రయాణంలోనే చూడాలి. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో అయుత్తయ ప్రాంతంలోని పారిశ్రామిక వాడలు మునిగిపోయి, హార్డ్‌డిస్కులు తయారుచేసే వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలు ఆగి, ప్రపంచమంతా హార్డ్‌డిస్కుల ధరలు పెరిగాయి. ఒకే పారిశ్రామిక వాడలో అందరూ చేరితే సరఫరా తేలిక, మునిగితే అందరూ ఒకేసారి మునుగుతారు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై ఐటీ కంపెనీలు మనుషులను వేరే ఊళ్లకు పంపి పని నడిపించుకున్నాయి. మీ ముఖ్యమైన పని రెండో ఊళ్లో ఎవరు, ఎన్ని గంటల్లో అందుకుంటారో ఇప్పుడే రాయండి.

పన్నులు, రాయితీలు ఇప్పుడు

ఇంతదాకా వచ్చాక మిగిలిన రెండు మూడు ఊళ్ల మధ్య రాయితీలు పోల్చండి. ముందే పోలిస్తే అవే కళ్లు కప్పేస్తాయి. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చితో అయిపోయింది. కంపెనీలు బెంగళూరు, హైదరాబాద్ వదిలి వెళ్లాయా? ఇంకా పెరిగాయి. ఐర్లాండ్ 12.5 శాతం పన్నుతో దశాబ్దాలు ఆకర్షించింది, కానీ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 75 కోట్ల యూరోలకు మించిన టర్నోవర్ ఉన్న గ్రూపులకు 2024 నుంచి 15 శాతం కనీస పన్ను అమలు చేస్తోంది. అక్కడ ఆపిల్‌కు దక్కిన పన్ను సౌకర్యం చెల్లదని, 1,300 కోట్ల యూరోలు కట్టాలని యూరప్ అత్యున్నత కోర్టు 2024 సెప్టెంబరులో తేల్చేసింది. కాబట్టి రాయితీ లేకుండా ఒకసారి, ఉంటే ఒకసారి, రెండు లెక్కలూ వేయండి. రాయితీ లేకపోతే నిలవని ఊరిని ఎంచుకోవద్దు.

రాయితీ ఎప్పుడు చేతికి వస్తుందో కూడా చూడండి. జీవోలో ఉన్న డబ్బు బ్యాంకులోకి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఇప్పటికే ఆ రాష్ట్రంలో ఉన్న కంపెనీల ఫైనాన్స్ వాళ్లను అడిగితే ఎన్నేళ్ల బకాయి ఉందో చెబుతారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2017లో 13 వేల ఉద్యోగాలు ఇస్తామంది, 2021లో ఒప్పందం తిరగరాసి 1,454కి తగ్గించుకుంది, రాష్ట్రం కూడా రాయితీని భారీగా కోసేసింది. ఇవ్వగలిగిన సంఖ్యే ఇవ్వండి. ప్రజలకు చెప్పే సంఖ్య, బోర్డుకు చెప్పే సంఖ్య ఒకటే కావాలి.

స్థానికులతో మాట్లాడటం పీఆర్ వాళ్ల పని అనుకోవద్దు. అమెజాన్‌కు ఆ రెండో ప్రధాన కార్యాలయం కోసం 238 ప్రతిపాదనలు వచ్చాయి, 20 ఊళ్లను వడపోసి 2018 నవంబరులో న్యూయార్క్‌నూ, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌నూ ఎంచుకున్నారు. సుమారు 300 కోట్ల డాలర్ల రాయితీ మీద న్యూయార్క్‌లో వ్యతిరేకత లేచింది. 2019 ఫిబ్రవరి 14న కంపెనీ అక్కడి నుంచి వెనక్కి తగ్గింది. ఏడాదికి పైగా చేసిన వెతుకులాటలో ఆ పేటలో ఉండేవాళ్ల మాటకు చోటు దక్కలేదు.

నోట్ రాయడం

చివరి నోట్ నాలుగు పేజీలు దాటకూడదు. మార్కుల పట్టిక వేయండి, కానీ ఏ అంశానికి ఎంత వెయిటేజీ అన్నది మార్చి రెండు మూడుసార్లు చూడండి. మనుషులకు 40 శాతం బదులు 30 వేస్తే మొదటి ఊరు మారిపోతోందంటే, ఆ రెండు ఊళ్లూ సమానమేనని నిజాయితీగా రాయండి. అప్పుడు నిర్ణయం పట్టిక చేయదు, పెద్దలే చేయాలి.

వెళ్లిపోయే ఖర్చు కూడా అందులో ఉండాలి. కోస్టా రికా ఈ విషయంలో మంచి ఉదాహరణ. 1996లో ఇంటెల్ ఆ చిన్న దేశాన్ని ఎంచుకున్నప్పుడు అక్కడి ప్రభుత్వం కాలేజీల్లో కోర్సులు మార్చింది, అధ్యక్షుడే స్వయంగా ముందుండి నడిపించారు. 2014లో చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్ మూసేసి సుమారు 1,500 మందిని తీసేశారు, ఇంజినీరింగ్ సెంటర్ మాత్రం ఉంచారు. కొన్నేళ్లకు అసెంబ్లీ మళ్లీ మొదలుపెట్టి, 2025లో దాన్ని వియత్నాం, మలేసియాలకు తరలిస్తామని ప్రకటించారు. రెండుసార్లూ కదిలింది అసెంబ్లీ లైనే, నిలిచింది ఇంజినీర్లే. మీ సెంటర్‌లో ఏ పని కదిలించదగ్గది, ఏది కాదు అన్నది విడివిడిగా రాయండి. లీజులో లాక్-ఇన్ (ఖాళీ చేయకూడని గడువు) ఎన్నేళ్లు, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, ఉద్యోగులకు ఎంత పరిహారం ఇస్తారు అన్నవి ముందే అంకెలతో పెట్టండి.

నోట్ కింద ఈ లెక్కను మళ్లీ ఎవరు, ఏ నెలలో తిరగేస్తారో పేరుతో సహా రాసి, సంతకాలు పెట్టించండి. ఆ నెల వచ్చినప్పుడు వాళ్లు ముందుగా చూడాల్సింది రెండు అంకెలు: ఏడాదిలో ఎంతమంది మానేశారు, యూనిట్ కరెంటు ఎంత పడింది.